ఒకే బోరు నీళ్లు, వేరువేరు ఎముకలు

మొన్న మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో నల్లగొండ ఫ్లోరైడ్ మీద పాత వీడియో ఒకటి పెట్టారు. దానికింద హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా బావమరిది "ఇప్పుడు భగీరథ నీళ్లొచ్చినయి గదా బావా, ఇంకెక్కడి ఫ్లోరైడ్, ఆ కథ అయిపోయింది" అని రాశాడు. (భగీరథ అంటే ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే తెలంగాణ ప్రభుత్వ పథకం.) వాడి మీద కోపమేం లేదు, చాలామంది అనుకునేది అదే. గ్రూపులో నాలుగు ముక్కలు రాస్తే చాలదని ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ముందే చెప్తున్నా.

మా అమ్మమ్మ వాళ్లది మర్రిగూడ వైపు ఒక పల్లె. మునుగోడు, చండూరు, నాంపల్లి, మర్రిగూడ... ఈ పేర్లు వింటే చాలామందికి వంకర కాళ్ల ఫోటోలే గుర్తొస్తాయి. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా కెమెరాలు అక్కడికే పోయేవి. నేను చెప్పదలుచుకున్నది ఆ ఫోటోల్లో కనపడదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఉందన్నది సగం సంగతే. అవే నీళ్లు తాగిన ఊరిలో ఎవరి నడుం వంగింది, ఎవరిది వంగలేదు అన్నది మిగతా సగం, దాన్ని తేల్చింది నీళ్లు కాదు.

ముందు నీళ్ల సంగతే చూద్దాం. మా వైపు కింద అంతా గ్రానైటు బండ. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు బండ సందుల్లో ఎన్నేళ్లు నిలిస్తే అంత ఎక్కువ దిగుతుంది, అందుకే లోతు బోర్లలో తరచుగా ఎక్కువుంటుంది. తాగే నీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మన ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము లోపే ఉంటే మంచిది. ఈ నీళ్లకి రంగుండదు, వాసనుండదు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరైపోగా మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. టైఫాయిడ్ వస్తుందని నీళ్లు కాచి తాగమన్న అలవాటు ఇక్కడ పనికి రాదన్నమాట.

ఒంట్లోకి వెళ్లాక అది నేరుగా పళ్లలోకి, ఎముకల్లోకి పోతుంది. పిల్లలకి శాశ్వత పళ్ల పైపొర చిగుళ్ల లోపల తయారయ్యేది సుమారు ఎనిమిదేళ్ల వయసు లోపే. ఆ వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద ముందు సుద్దలా తెల్ల మచ్చలు, తర్వాత గోధుమరంగు చారలు పడతాయి. వీటినే గారపళ్లు అంటారు. పెద్దయ్యాక ఎంత తోమినా పోవు. ఎముకల్లో అయితే ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ఎక్స్‌రేలో ఎముక మందంగా, గట్టిగా కనపడుతుంది గానీ అది బలం కాదు. కీళ్ల చుట్టూ మెత్తగా ఉండాల్సిన పట్టీలు కూడా గట్టిపడతాయి. మెడ తిరగదు, నడుం వంగదు, కింద కూర్చుంటే లేవరాదు. వెన్నుపూసల మధ్య నరాలు నొక్కుకుపోతే కాళ్లు చచ్చుబడతాయి. ఇంతదాకా వచ్చాక మందు లేదు, నొప్పికి బిళ్లలు తప్ప.

ఇప్పుడు మా ఊరి బోరు దగ్గరికి వస్తా. బోరు అంటే చేతి పంపు, మా వైపు బోరింగ్ అంటారు. మా పెద్దమ్మ వాళ్లిల్లు, పటేలోళ్ల ఇల్లు రెండూ ఆ బోరింగ్ నీళ్లే తాగాయి. పెద్దమ్మ నలభైల్లోనే నడుం వంగి నేలను చూస్తూ నడిచేది. పటేలమ్మ డెబ్భై దాటినా నిటారుగా నడుస్తూ పొద్దున్నే వాకిలి ఊడ్పించేది. చిన్నప్పుడు దీన్ని మేము తలరాత అనుకున్నాం, ఇంట్లో పెద్దవాళ్లూ అదే చెప్పారు. తర్వాత ఈ జబ్బు గురించి చదువుకుంటూ పోతే ఒక్కో సంగతీ విడిపోతూ వచ్చింది.

పెద్దమ్మ కూలికి పోయేది. ఏప్రిల్, మే ఎండల్లో చేలో పనిచేసే మనిషికి, నీడపట్టున కూర్చున్న మనిషికన్నా రెట్టింపు నీళ్లు కావాలి. రెట్టింపు నీళ్లంటే రెట్టింపు ఫ్లోరైడ్. లీటరుకి ఇంత దాటకూడదని కాగితం మీద రాసిన లెక్క రోజుకి రెండు లీటర్లు తాగే మనిషిని చూసి వేసింది, బత్తాయి తోటలో పాదులు తవ్వే మనిషిని చూసి కాదు.

తర్వాత పాలు. తిండిలో కాల్షియం బాగా ఉంటే పేగుల్లో ఫ్లోరైడ్‌ని కొంత పట్టుకుని బయటికి పంపేస్తుంది. తక్కువైతే ఫ్లోరైడ్ చేసే నష్టం పెరుగుతుంది. పెద్దమ్మ వాళ్లకి బర్రె ఉంది. లేకపోవడం కాదు, ఉంది. కానీ పాలన్నీ పాలకేంద్రానికి పోయేవి, అప్పు తీరాలి కాబట్టి. ఇంట్లో పిల్లలకి పల్చటి చల్ల, పెద్దమ్మకి అదీ ఉండేది కాదు. పటేలోళ్ల ఇంట్లో పెరుగు లేకుండా ముద్ద దిగేది కాదు. ఇదంతా ఏ నీటి పరీక్షలోనూ తేలదు.

ఇక కాన్పులు. కడుపులో బిడ్డకీ తర్వాత పాలకీ కాల్షియం తల్లి ఒంట్లోంచే పోతుంది. పెద్దమ్మకి వరసగా ఐదు కాన్పులు, ప్రతిసారీ వారాలు తిరక్కుండానే మళ్లీ పనికి. నీళ్లు మోయడం కూడా ఆడవాళ్ల పనే. నెత్తిన ఒక బిందె, చంకలో ఇంకో బిందె. అప్పటికే బిగుసుకుపోతున్న మెడ మీద ఆ బరువు.

పిల్లల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పటేల్ గారి పిల్లలు ఐదేళ్లు నిండకముందే హైదరాబాద్‌లో చిన్నాన్న ఇంట్లో ఉండి చదువుకున్నారు. మంజీరా నది నీళ్లు తాగి పెరిగారు. పళ్లు తెల్లగా ఉన్నాయి. పెద్దమ్మ పిల్లలు ఊరి బళ్లో, ఊరి నీళ్లతో. పెళ్లి సంబంధాలప్పుడు ఈ తేడా బాగా పని చేసింది. పళ్లు చూసి ఊరి పేరు చెప్పేసేవాళ్లుండేవారు. "ఆ ఊళ్లకు పిల్లనియ్యం, ఆ ఊళ్ల పిల్లను చేసుకోం" అన్నమాట నేను స్వయంగా విన్నాను. మా పెద్దమ్మ రెండో కూతురు ఇప్పటికీ ఏ ఫోటోలోనూ నోరు తెరిచి నవ్వదు, చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆమెకి కీళ్ల నొప్పులేమీ లేవు, రిపోర్టుల లెక్కన ఆరోగ్యంగానే ఉన్నట్టు.

ఈ జబ్బు కొత్తదేం కాదు. మన దేశంలో దీన్ని మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలో. తర్వాత అవి ప్రకాశం జిల్లాలో కలిశాయి. దుక్కి దున్నే ఎడ్లు కాళ్లు పట్టేసి నడవలేకపోవడం రైతులు ముందు గమనించారని చెప్తారు. నల్లగొండ మీద డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఒకే జిల్లా, ఒకే సంవత్సరం. ఆ డ్యామ్ ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారి అక్కడ వరి పండింది. మా మునుగోడు, దేవరకొండ వైపు ఎత్తు ప్రాంతం, కాలువ మాకు కిందనే ఉండిపోయింది.

ఇక్కడ ఇంకో విచిత్రం ఉంది, నాకు బాగా ఆశ్చర్యం కలిగించింది ఇదే. 1970ల్లో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ పల్లెల్లో పెరిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకోవడం చూశారు. అంతకుముందు ఫ్లోరోసిస్‌లో (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు పేరు అదే) ఇది ఇంతగా కనపడలేదు. వాళ్లు వేసిన అంచనా ఏంటంటే, డ్యామ్ కట్టాక ఊట వల్ల చుట్టుపక్కల భూగర్భ జలాలు పైకి వచ్చి నేలలో చౌడు గుణం పెరిగింది, ఆ నేలలో పండిన జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం ఎక్కువైంది, అది ఒంట్లోంచి రాగిని బయటికి పంపేస్తుంది, రాగి తగ్గితే ఎముక వంగుతుంది. అంటే డ్యామ్, నేల, జొన్న, నీళ్లు నాలుగూ కలిసి ఒక పిల్లవాడి మోకాలి దాకా వచ్చాయి. జొన్న గట్క రోజూ మూడు పూటలా తినేది ఎవరు? వరి కొనలేనివాళ్లు. ఇప్పుడు జిమ్‌కి పోయేవాళ్లు జొన్నరొట్టె ఫోటోలు పెడుతుంటే నాకు ఇది గుర్తొస్తుంది (జొన్నని తిట్టట్లేదు, నాకూ ఇష్టమే).

బోర్లు ఎందుకొచ్చాయో కూడా చెప్పుకోవాలి, లేకపోతే అన్యాయమవుతుంది. అంతకుముందు దిగుడు బావుల నీళ్లు తాగి జనానికి కలరా, నారికురుపు వచ్చేవి. చేతి పంపులు వేస్తే ఆ రోగాలు తగ్గుతాయని వేశారు, తగ్గాయి కూడా. నారికురుపు దేశంలోనే లేదని 2000లో ధ్రువీకరించారు. మంచి ఉద్దేశంతోనే నేల లోపలికి పోయారు, అక్కడ ఇది ఎదురుచూస్తూ ఉంది. కరువు వచ్చినప్పుడల్లా బోరు ఇంకా లోతుకి, ఇంకా లోతుకి. నీళ్లలో క్రిములున్నాయా అని చూశారు గానీ బండ నుంచి ఏం దిగుతుందో చాలాకాలం ఎవరూ చూడలేదు.

తర్వాత శుద్ధి చేసే పద్ధతి వచ్చింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970ల్లో తయారుచేసింది, పేరే 'నల్లగొండ టెక్నిక్'. పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ వేసి కలిపితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది, పైన తేటనీళ్లు తీసుకోవాలి. లెక్కగా చేస్తే పనిచేస్తుంది. మా జిల్లా పేరు పెట్టుకుని ఈ పద్ధతి ఆఫ్రికా దాకా పోయింది. మా ఊళ్లో మాత్రం నిలబడలేదు. పటిక ఎంత వెయ్యాలో నీళ్లని బట్టి మారుతుంది, ఎక్కువైతే నీళ్లు రుచి మారతాయి, అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పారబొయ్యాలో తెలీదు, రోజూ చూసుకునే మనిషికి జీతం ఎవరిస్తారో అంతకన్నా తెలీదు. పంచాయతీల దగ్గర అలాంటి ట్యాంకులు తుప్పుపట్టి నిలబడి ఉండటం మా తరం వాళ్లందరం చూశాం.

నీళ్లు లేక కాదు సమస్య. హైదరాబాద్‌కి కృష్ణా తాగునీరు 2004 నుంచి సాగర్ వెనకజలాల దగ్గర నుంచి కోదండపూర్‌లో శుద్ధి అయి, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా, వంద కిలోమీటర్లకి పైగా పైపుల్లో పోతోంది. ఆ పైపులు మా ఊళ్లకి దగ్గర్లోంచే పోతాయి. పైపులోంచి పోయే నీళ్ల చప్పుడు వినపడేంత దూరంలో ఉన్నవాళ్లు బోరింగ్ కొట్టుకుని తాగారు, ఏళ్ల తరబడి. దీనికి ఇంజినీర్లు చెప్పే కారణాలుంటాయి, పట్నానికి నీళ్లు అక్కర్లేదనీ నేననను, నేనూ ఇప్పుడు ఆ నీళ్లే తాగుతున్నా. కానీ ఆ ప్లాన్ గీసినప్పుడు దారిలో ఉన్న పల్లెలకి వాల్వ్ పెట్టాలన్న ఆలోచన ఎవరికి తట్టాలి? తట్టేలా అరిచే శక్తి ఆ పల్లెలకి ఉండాలి కదా.

అరిచారు కూడా. దుశర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి ఏకంగా 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకమైంది. దాదాపు అందరికీ డిపాజిట్లు పోయాయి, సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచారు. ఢిల్లీ నుంచి వచ్చిన జవాబు ఏంటంటే, ఆ తర్వాత 500 రూపాయల డిపాజిట్‌ని 10,000 చేశారు. మళ్లీ ఇలా చెయ్యకుండా. మా జిల్లాకి కృష్ణా నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం మాత్రం ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది పనివాళ్లు చిక్కుకుపోయారు, వేరే రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. మా నీళ్ల లెక్కలో వాళ్లనీ కలపాలి.

సరే, మిషన్ భగీరథ. 2015లో పైలాన్ చౌటుప్పల్‌లోనే వేశారు, ఫ్లోరైడ్ ప్రాంతమని కావాలనే. నల్లా వచ్చింది. నేను దీన్ని తక్కువ చెయ్యను, ఇప్పుడు పుట్టిన పిల్లల పళ్లు చూస్తే తేడా తెలుస్తుంది, అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 2020లో తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు సున్నా అని కేంద్రం కూడా చెప్పింది. మా బావమరిది అన్నది తప్పు కాదు, ఆ సున్నా దేనికి వేశారో చూడలేదంతే. అది ఆవాసాల లెక్క. ఊరికి మంచినీటి ఏర్పాటు ఉందా లేదా అన్నది. మనుషుల లెక్క కాదు. ఇరవై ముప్ఫై ఏళ్లు ఎముకలో పేరుకున్నది నల్లా తిప్పగానే పోదు. కొత్త నీళ్లతో కొంత కొంతగా ఒంట్లోంచి బయటికి పోతుంది నిజమే, కానీ వంగిన నడుం లేవదు. శివన్నగూడెం అంశాల స్వామి, ఫ్లోరైడ్ బాధితుడు, ఈ పోరాటానికి ముఖంలా నిలిచిన మనిషి, సున్నా అన్న రెండున్నరేళ్లకి 2023 జనవరిలో చనిపోయాడు. అంతకు దాదాపు మూడు నెలల ముందే మునుగోడు ఉప ఎన్నిక జరిగింది, అన్ని పార్టీల నోటా ఫ్లోరైడ్ మాటే.

ఇంకా సగం సగంగా నడుస్తున్న సంగతులున్నాయి. ఇంట్లో నల్లా ఉంది, చేను దగ్గర లేదు. పొద్దున పోయి సాయంత్రం దాకా పనిచేసేవాళ్లు అక్కడి బోరు నీళ్లే తాగుతారు, అంటే రోజు మొత్తంలో ఎక్కువ తాగేది అవే. నల్లా నీళ్లు రుచి లేవని కొందరు ఇరవై లీటర్ల ఫిల్టర్ క్యాన్ కొంటున్నారు, తాగడానికి మాత్రమే. క్యాన్‌కి డబ్బు పెట్టాలి కాబట్టి వంట బోరు నీళ్లతో. అన్నం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకున్న నీళ్లు కూడా తాగినట్టే కదా. ఇంకోటి, ఫిల్టర్ నీళ్లలో ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియం కూడా పోతుంది. పాలు పెరుగు తినేవాళ్లకి పర్లేదు, తిననివాళ్లకి అది కూడా నష్టమే.

నొప్పుల సంగతి అందరికన్నా బాగా తెలిసింది ఊరి ఆర్‌ఎంపీకి. సూది వేస్తాడు, బిళ్లలిస్తాడు, ఆ పూటకి లేచి పనికి పోవచ్చు. పోకపోతే కూలి లేదు. ఏళ్లతరబడి ఆ బిళ్లలు మింగితే కిడ్నీ దెబ్బతింటుంది. ఒంట్లోంచి ఫ్లోరైడ్‌ని బయటికి పంపాల్సింది ఆ కిడ్నీయే. పెద్దమ్మ విషయంలో అదే జరిగింది. చివరికి పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టర్ "ఇన్ని పెయిన్ కిల్లర్లు ఎందుకు వాడారమ్మా" అని కోప్పడ్డాడు. ఆమె ఏం చెప్పలేదు. వాడకపోతే నాట్లకి ఎవరు పోతారని అడగాల్సింది, నేనైతే అడిగేవాణ్ని.

వికలాంగుల పెన్షన్ ఉంది, 2023లో 4,016 రూపాయలు చేశారు, చాలా ఇళ్లలో దాని మీదే నడుస్తోంది. దానికి సర్కారు వైద్య క్యాంపుకి (సదరం అంటారు) పోయి వైకల్యం ఎంత శాతమో రాయించుకోవాలి. నడవలేనివాళ్లని ఆటోలో ఎక్కించుకుని జిల్లా కేంద్రానికి తీసుకెళ్లి, నడవలేరని రాయించుకురావాలి. రెండో కూతురిలా పళ్లు మాత్రమే పోయినవాళ్లకి ఏ శాతమూ రాదు. ఫిజియోథెరపీ ఊళ్లోకి రావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు. బిగుసుకుపోయే కీళ్లకి కాస్తయినా ఉపయోగపడేది అదే, మందులకన్నా. వారానికోసారి వచ్చినా చాలు.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు మొన్న ఇదంతా విని భయపడి, అక్కడ వాళ్లుండే ఊళ్లో కావాలనే నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతున్నారట, ఫిల్టర్ పెట్టించాలా అని ఫోన్ చేశాడు. అక్కడ కలిపేది లీటరుకి 0.7 మిల్లీగ్రాములు, పళ్లు పుచ్చకుండా. ఎండలో కూలికి పోవు, పాలు తాగుతావు, నీకేం కాదు పడుకో అన్నాను. దాని మీద అక్కడ పెద్ద వాదనలే నడుస్తున్నాయి లెండి, అది వేరే సంగతి.

చింతపండు గురించి కూడా అడుగుతుంటారు. పోషకాహార సంస్థ వాళ్లే పరీక్షించారు, చింతపండు తిన్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. వైద్యం అని మాత్రం అనుకోకండి. చారు తాగుతున్నాం కదా అని బోరు నీళ్లు తాగొద్దు. పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరి ఇంట్లోకి ఉంచుకుని మిగిలినవి అమ్మగలిగితే అది బాగా పనిచేస్తుంది. అమ్మకుండా ఉండగలిగే స్థోమత అందరికీ లేదని పైనే రాశాను.

ఆ వైపు మీకు చేనుంటే ఒక పని చెయ్యండి. బోరు నీళ్లు ఒక లీటరు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి (గాజు సీసా వద్దు, లెక్క తేడా వస్తుంది) జిల్లా కేంద్రంలో మంచినీటి పరీక్షల ల్యాబ్‌కి ఇవ్వండి. ఊళ్లో నల్లా నీళ్లు వాళ్లే పరీక్షిస్తారు, చేను బోరుని ఎవరూ పట్టించుకోరు. 1.5 దాటితే మీ దగ్గర పనికి వచ్చేవాళ్లకి ఇంటి నుంచి నల్లా నీళ్లు పట్టుకెళ్లే ఏర్పాటు చెయ్యండి, ఒక డ్రమ్ము, బండి మీద పెడితే సరిపోతుంది. మా బావమరిదికి కూడా అక్కడ నాలుగెకరాలుంది, ఈ పోస్టు లింకు వాడికి పంపిస్తున్నా.